రోహిణి కార్తె రాకముందే కార్డులు ఖాళీ చేయండి

పులికాట్ సరస్సు మీదికి వచ్చిన వలస పక్షులు తిరుగుముఖం పట్టే రోజులివి. అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన కెమెరాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు, నేలపట్టులో గూడబాతుల గూళ్లు చిత్రించినవాళ్లు, మాఘమాసం పెళ్లిళ్లకు వీడియోలు తీసిన సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట స్టూడియోలవాళ్లు, షార్ నుంచి రాకెట్ లేచిన క్షణాన్ని ఫోన్‌లో పట్టినవాళ్లు, అందరికీ ఒకటే మాట. మీ దగ్గరున్న మెమరీ కార్డులను, పెన్‌డ్రైవ్‌లను, పక్కన పడేసిన పాత ఎస్‌ఎస్‌డీలను ఈ వారమే బయటికి తీయండి. వాటిలో ఉన్నదాన్ని మరో చోటికి ఎక్కించండి. ఎండలు ముదిరాక చూద్దాంలే అనుకుంటే కొందరికి అప్పటికే చేయి దాటిపోతుంది.

కార్డు కింద పడలేదు, నీళ్లలో తడవలేదు, వైరస్ ఎక్కలేదు, బీరువాలోంచి కదల్లేదు కూడా. అయినా అందులోని ఫొటోలు పాడైపోవచ్చు. ఈ సంగతి మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. అమ్మినవాడు చెప్పడు, అట్ట మీద రాసి ఉండదు.

ఈ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు అన్నింటిలోనూ ఉండే ఫ్లాష్ మెమరీని కనిపెట్టింది జపాన్‌లోని తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా. 1984లో మొదటి రకాన్ని, 1987లో ఇవాళ మన కార్డుల్లో ఉన్న నాండ్ రకాన్ని ఆయన లోకానికి చూపించాడు. దాని పని తీరు ఇది: చిప్ లోపల కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గదులుంటాయి. ఒక్కో గదిలో కొన్ని ఎలక్ట్రాన్లను బంధిస్తారు. చుట్టూ అతి పలుచని ఆక్సైడ్ పొర గోడలా ఉంటుంది. లోపల ఎంత విద్యుదావేశం ఉందో కొలిచి, అది సున్నానో ఒకటో తేలుస్తారు. కరెంటు లేకపోయినా ఆ ఎలక్ట్రాన్లు లోపలే ఉంటాయి కాబట్టి ఫొటో నిలుస్తుంది. కానీ మట్టికుండలోంచి నీరు చెమర్చినట్టు ఆ గోడలోంచి అవి మెల్లగా, ఎడతెగకుండా బయటికి పోతూనే ఉంటాయి.

మొదట్లో ఒక గదిలో ఒకే బిట్, అంటే ఒక సున్నానో ఒకటో, దాచేవారు. ఆవేశం ఉందా, లేదా అని చూస్తే సరిపోయేది. ధర తగ్గించడానికి ఒకే గదిలో రెండు, మూడు, ఇప్పుడు నాలుగు బిట్లు కుక్కుతున్నారు. మూడు బిట్లంటే ఎనిమిది మెట్లు, నాలుగంటే పదహారు మెట్లు తేడా కనిపెట్టాలి. మెట్ల మధ్య ఎడం ఎంత తగ్గితే, కాస్తంత ఆవేశం జారినా లెక్క అంత తొందరగా తప్పుతుంది. మనం చౌకగా కొనే కార్డుల్లో, పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండేది ఈ మూడు, నాలుగు బిట్ల సరుకే.

ఇంకో చిక్కు ఉంది. ఫ్లాష్‌లో రాయడం పేజీల లెక్కన, చెరపడం మాత్రం బ్లాకుల లెక్కన. ఒక బ్లాకులో వందల పేజీలుంటాయి. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ ఆక్సైడ్ గోడ కొంచెం అరుగుతుంది. ఒక బిట్ రకం లక్ష సార్ల వరకూ తట్టుకునేది. మూడు బిట్ల రకానికి ఆ సంఖ్య వేలల్లోకి వస్తుంది, నాలుగు బిట్లదైతే వెయ్యి ప్రాంతంలోనే ఆగిపోతుంది. అన్ని బ్లాకులూ ఒకేలా పుట్టవు కూడా. కొత్త చిప్‌లోనే కొన్ని బ్లాకులు పనికిరానివి ఉంటాయి, ఫ్యాక్టరీలోనే వాటికి గుర్తు పెట్టి పంపుతారు. మంచి ఎస్‌ఎస్‌డీలో ఉండే కంట్రోలరు రోజంతా చేసే పని ఇదే: ఏ బ్లాకు ఎంత అరిగిందో లెక్క పెట్టుకోవడం, రాతలను అన్నింటికీ సమానంగా పంచడం, నీరసించిన బ్లాకులో ఉన్నదాన్ని తప్పులు దిద్ది గట్టి బ్లాకులోకి మార్చడం, చెడిపోయినదాన్ని పక్కన పెట్టి దాని స్థానంలో దాచి ఉంచిన బ్లాకును వాడటం. ఈ పని జరగాలంటే కరెంటు ఉండాలి. బీరువాలో పెట్టిన డ్రైవ్‌లో ఆ కాపలా నిద్రపోతుంది.

అరుగుదల, వేడి, కాలం. ఈ మూడూ కలిసినప్పుడే ముప్పు. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాయదగినన్ని సార్లు రాసేసి అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారాన్ని నిలబెట్టగలగాలి. సర్వర్లలో వాడే రకానికి పెట్టిన గడువు 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. దాచిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగానికి పడిపోతుంది. 2015లో ఈ పట్టికనే పట్టుకుని, ఎస్‌ఎస్‌డీని ఆపి పెడితే వారంలో అంతా పోతుందని ప్రపంచమంతా గగ్గోలు పెట్టారు. అది అతి. ఆ అంకెలు ఆయుష్షు తీరిన డ్రైవ్‌లవి. కొత్తది, తక్కువ వాడినది ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి నిన్న కొన్న కార్డు గురించి బెంగ వద్దు. నాలుగేళ్లుగా ప్రతి పెళ్లికీ నింపి, చెరిపి, మళ్లీ నింపిన కార్డు గురించి, ఎప్పుడు కొన్నారో గుర్తులేని పెన్‌డ్రైవ్ గురించి ఇవాళే కంగారు పడండి.

ఇక మన ప్రాంతం సంగతి. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. రేకుల కప్పు కింద నడిచే స్టూడియోలో, మిట్టమధ్యాహ్నం మూసి ఉన్న ఇనుప బీరువాలో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు సరస్సు మీంచి వచ్చే ఉప్పుగాలి. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు, ఆ తేమ మన ఇనుప కిటికీలను ఏం చేస్తుందో రోజూ చూస్తూనే ఉన్నాం. పాత పెన్‌డ్రైవ్ ఒకటి తీసి దాని ఇనుప మూతిలోకి వెలుతురులో తొంగి చూడండి. నాలుగు బంగారు రంగు పట్టీల అంచుల్లో పచ్చటి చిలుము, చుట్టూ తుప్పు చుక్కలు కనిపిస్తే దాన్ని అలాగే కంప్యూటరుకు గుచ్చకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. మొదటిసారి తెరుచుకోగానే ఫొటోలు చూస్తూ కూర్చోకండి. ముందు కాపీ.

పెద్ద పెద్ద కంపెనీలకే ఈ దెబ్బ తగిలింది. శాంసంగ్ 840 ఈవో అనే ఎస్‌ఎస్‌డీలో కొన్ని వారాలు, నెలలు ముట్టుకోకుండా వదిలేసిన ఫైళ్లు చదవడానికి నత్తనడక నడుస్తున్నాయని 2014లో బయటపడింది. అది మూడు బిట్ల మెమరీ. గదుల్లో ఆవేశం జారి, సరైన విలువ తేల్చడానికి డ్రైవ్ మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చింది. చివరికి కంపెనీ పాత సమాచారాన్ని అప్పుడప్పుడూ తనంతట తాను తిరగరాసుకునేలా సాఫ్ట్‌వేర్ మార్చింది. 2021లో అమెరికాలో టెస్లా సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది. కారు తెర వెనకున్న 8 జీబీ ఫ్లాష్ చిప్‌లో పనితీరు నమోదులు (లాగ్‌లు) రాసీ రాసీ, సుమారు 3,000 సార్లు తట్టుకునే బ్లాకులు ఐదారేళ్లకే అరిగిపోయాయి. తెర నల్లబడింది, వెనుక చూపే కెమెరా పోయింది. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ కూడా 2014లో ఇలాగే తడబడి పదే పదే రీస్టార్ట్ అయింది. నాసా ఇంజనీర్లు భూమి మీద నుంచే దాని ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. అయినా కుదుటపడకపోతే, తేడా చేస్తున్న ఏడో భాగాన్ని వదిలేసి మిగతావాటితో నడిపించారు. వాళ్ల దగ్గర ఏ భాగం చెడిందో చెప్పే లెక్క ఉంది. మన డ్రాయరులోని కార్డుకు అలాంటి లెక్క ఎవరు రాస్తున్నారు?

దుకాణాల్లో, ఇళ్లలో మెమరీ కార్డు మీద నడిచే సీసీ కెమెరాలు పెట్టుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు రాస్తే రోజుకు 43 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డు అయితే రోజుకు ఒకసారికి పైగా మొత్తం చెరిగి మళ్లీ నిండుతుంది, ఏడాదికి 490 సార్లు. వెయ్యి సార్లు తట్టుకునే కార్డు రెండేళ్లకు దివాలా. అదే 128 జీబీ కార్డు ఏడాదికి 123 సార్లే నిండుతుంది. కార్డు అరిగిపోయినా కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ రికార్డు కాదు. దొంగతనం జరిగాక పోలీసులు వచ్చి అడిగినప్పుడే అది బయటపడుతుంది. కెమెరాలకని ప్రత్యేకంగా, ఎక్కువ రాతలు తట్టుకునేలా చేసిన కార్డులు దొరుకుతాయి. నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే కొనండి, పెద్దవి కొనండి. నెలకోసారి నిన్నటి రికార్డింగ్ తెరిచి చూడండి.

ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం తెలుసుకోవడం కష్టం కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే ఎంత శాతం ఆయుష్షు వాడేశారో, దాచి ఉంచిన బ్లాకులు ఎన్ని మిగిలాయో చూపిస్తుంది. మిగులు బ్లాకులు తగ్గుతూ పోతుంటే ఆ డ్రైవ్‌లో విలువైనదేదీ ఉంచకండి. పెన్‌డ్రైవ్‌లు, కార్డులు చాలావరకూ ఈ మాత్రం కూడా చెప్పవు. అవి ఇచ్చే సూచనలు వేరు: కాపీ చేస్తుంటే ఒక ఫైలు దగ్గర ఆగిపోవడం, కొన్ని ఫొటోల కింది సగం బూడిద రంగుకు తిరగడం, రాయబోతే కుదరదని మొరాయించడం. ఆ చివరిదాన్ని చాలామంది తాళం పడిందనుకుని ఫార్మాట్ కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. మిగులు బ్లాకులు అయిపోయినప్పుడు చాలా కార్డులు రాయడం ఆపేసి చదవడానికి మాత్రమే అనుమతిస్తాయి. ఉన్నదంతా తీసుకోవడానికి కార్డు ఇస్తున్న చివరి అవకాశం అది.

ఏడాదికోసారి కంప్యూటరుకు గుచ్చి తీస్తే చాలునని ఒక మాట ప్రచారంలో ఉంది. చౌక పెన్‌డ్రైవ్‌ల విషయంలో దాన్ని నమ్మకండి. కరెంటు తగిలినంత మాత్రాన పాత రాతలు కొత్తవి కావు. ఉన్నదంతా బయటికి కాపీ చేసి, ఒక్కో ఫోల్డరు తెరిచి సరిచూసుకుని, కార్డును ఫార్మాట్ చేసి, మళ్లీ ఎక్కించాలి. అప్పుడే గదులన్నీ నిండుగా ఆవేశం నింపుకుంటాయి. కానీ శాశ్వతంగా దాచాల్సినవి అసలు ఫ్లాష్ మీద ఒక్కదాని మీదే ఉంచవద్దు. తిరిగే హార్డ్ డిస్క్‌లో ఇలా ఆవేశం జారే బెడద లేదు. దానికి వేరే రోగాలున్నాయి కనుక ఒక ప్రతి హార్డ్ డిస్క్‌లో, మరోటి క్లౌడ్‌లోనో ఇంకో డిస్క్‌లోనో పెట్టండి. ఎస్‌ఎస్‌డీని నిండా కుక్కవద్దు, పదిహేను శాతమైనా ఖాళీ ఉంటేనే కంట్రోలరు బ్లాకులను సమంగా వాడగలుగుతుంది.

అయిదారు వందలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో, సంతల్లో అమ్మేవాటి జోలికి వెళ్లకండి. లోపల 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది, కంట్రోలరు అబద్ధం చెప్పేలా మార్చి ఉంటుంది. నిండాక రాసిందల్లా గాలిలో కలిసినట్టే, పేర్లు మాత్రం ఫోల్డరులో కనిపిస్తూ మోసం చేస్తాయి. కొత్తది ఏది కొన్నా హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాముతో పూర్తిగా నింపి, చదివించి, ఆ తర్వాతే వాడండి.

ఇది ఇళ్ల విషయం మాత్రమే కాదు. పులికాట్‌లో ఏటా ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఎక్కడ దిగింది, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అన్నదానికి మన ఫొటోగ్రాఫర్లు తీసిన వేల చిత్రాలు సాక్ష్యం. రాయదొరువు ముఖద్వారం పూడికను తేదీతో సహా చూపించే చిత్రం రేపు మత్స్యకారుల తరఫున ఒక అర్జీకి బలమవుతుంది. ఇరకం, వేనాడు దీవుల్లో పెద్దవాళ్ల మాట, పాట ఫోన్‌లో రికార్డు చేసుకున్న యువకులున్నారు. ఆ గొంతులు మళ్లీ దొరకవు. సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగం, ఫ్లెమింగో పండుగ జరిపే జిల్లా యంత్రాంగం ఈ చిత్రాలను, రికార్డింగులను సేకరించి సర్వర్‌లో భద్రపరిచే ఏర్పాటు ఈ వేసవిలోనే మొదలుపెట్టాలి. పంచాయతీలు, బడులు, సహకార సంఘాలు పెన్‌డ్రైవ్‌ల మీద ఉంచుకున్న రికార్డులకు ఒక పుస్తకం పెట్టాలి: ఎప్పుడు కొన్నది, ఎప్పుడు చివరిసారి తెరిచి చూసింది, మరో ప్రతి ఎక్కడుంది.

ఆ మరో ప్రతి ఇదే వీధిలో ఉంటే లాభం లేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఈ తీరమంతా ఎలా మునిగిందో అందరికీ తెలుసు. ఒక డిస్క్‌ను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పేరు, తేదీ రాసి, తిరుపతిలో ఉన్న మీ చుట్టాల ఇంట్లో, మిద్దె మీద కాకుండా చల్లటి గదిలో ఉంచమని ఇవ్వండి. వచ్చే జనవరిలో వెళ్లినప్పుడు తెరిచి చూసి, కొత్త ఏడాది ఫొటోలు అందులోకి ఎక్కించి రండి.