డిక్రీ గలదు, అమీను లేడు

డిక్రీ పొందుట యొక యెత్తు, దానిని అమలు జరుపుకొనుట యొక యెత్తు అని భూవివాదముల నెరిగిన మా పాఠకులకు వేరుగ జెప్ప నక్కరలేదు. అయినను గ్రామమున జప్తు చేయుటకు అమీనైన గలడు. సముద్రముమీద వాడును లేడు.

2016 జూలై 12వ తేదీన హేగు నగరమందు అయిదుగురు మధ్యవర్తుల ధర్మాసనము ఫిలిప్పీన్సు ఫిర్యాదుపై తీర్పు చెప్పెను. దక్షిణ చీనా సముద్రమున తొమ్మిది గీతలు గీచి, ఆ లోపలి సంపదపై చారిత్రక హక్కు తనదని చీనా వాదించుట సముద్ర న్యాయపు టొడంబడికకు విరుద్ధమని తేల్చెను. దీవుల స్వామ్యము నా ధర్మాసనము విచారింపలేదు. కాని స్కార్బరో దిబ్బవద్ద తరతరములుగ వేటాడు ఫిలిప్పీను బెస్తల నడ్డగించుట అక్రమమని స్పష్టముగ బలికెను. చీనా విచారణకు రాలేదు, తీర్పు చెల్లదనెను. ఇట్టి తీర్పునకు ఉభయులును లోబడవలెనని ఆ యొడంబడికయే శాసించుచున్నది. దానిని 1996లో ధ్రువపరచినది చీనాయే కదా! అయినను తీర్పు గెలిచిన బెస్తల పడవలపై చీనా నౌకలు నీటిఫిరంగులు ప్రయోగించుచునే యున్నవి.

అంతర్జాతీయ న్యాయస్థానపు తీర్పును ధిక్కరించినచో ఐక్యరాజ్యసమితి శాసనపు 94వ నిబంధన ననుసరించి భద్రతామండలికి మొరపెట్టుకొనవచ్చును. మధ్యవర్తుల తీర్పునకు ఆ ద్వారమును లేదు. ఉన్నను ఫలమేమి? 1986లో నికరాగ్వా తన కనుకూలమైన తీర్పును గొని యచటికి బోగా, ప్రతివాదియైన అమెరికాయే తన వీటోతో దానిని త్రోసివైచెను. నేడు చీనాకు నీతులు బోధించు ఆ దేశము సముద్ర న్యాయపు టొడంబడికను ఇంతవరకు ధ్రువపరచనేలేదు!

మనదేశము నడచిన త్రోవ వేరు. బంగాళాఖాతమున 25,602 చదరపు కిలోమీటర్ల వివాదములో 2014 జూలై 7వ తేదీ తీర్పువలన 19,467 బంగ్లాదేశమునకు పోయెను. బలము గలిగియు మన ప్రభుత్వము ఆ తీర్పును శిరసావహించెను. అది చేతకానితన మనువారితో మే మేకీభవింపము. అందువలననే న్యాయము పలుకుటకు మనకు నోరు గలిగినది.

అట్టి ప్రభుత్వము 2016లో తీర్పును గమనించితిమని, ఒడంబడికను గౌరవింపుడని మాత్రము పలికి యూరకుండుట మాకు రుచింపలేదు. 2023 జూన్ నెలలో ఫిలిప్పీన్సుతో గలసి, తీర్పును పాటింపవలెనని ప్రకటించుట మేలే. పలుకు మాత్రము చాలదు. ఫిలిప్పీన్సుదని తేలిన నీటిలో ఆ దేశపు టనుమతి లేక చమురు వెదకు కంపెనీలకు కాకినాడ మొదలు ముంబాయి వరకు ఏ రేవునను కంట్రాక్టు లియ్యరాదు. ఈ నియమమును రాబోవు పార్లమెంటు సమావేశములలో ప్రకటించుటకు విదేశాంగశాఖ కభ్యంతర మేమి?