మూత్రంలో రక్తం.. ‘వేడి చేసిందిలే’ అని వదిలేస్తున్నారా? మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఏం చెబుతున్నాయి?

అచ్చంపేట: మూత్రం ఎర్రగా వస్తే ‘వేడి చేసిందిలే’ అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లు చాలామంది. నొప్పి ఉండదు, రెండ్రోజులకు అదే ఆగిపోతుంది. బ్లాడర్ క్యాన్సర్ తొలి సంకేతం తరచూ ఇలాగే ఉంటుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

ఈ క్యాన్సర్ పెరగడంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్రపై పరిశోధనలు జోరుగా సాగుతున్నాయి. సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ బుల్లి ముక్కలు, కణంలో ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో కంట్రోల్ చేస్తాయి. 1993లో మిల్లీమీటరు పొడవున్న ఓ పురుగులో వీటి గుట్టు విప్పిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. బ్లాడర్ కణితుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 పెరిగిపోయి, కణాల పెరుగుదలకు బ్రేకు వేసే ‘పీటెన్’ను అణిచేస్తుంది. కణితిని అడ్డుకునే 145 మాత్రం తగ్గిపోతుంది.

ఇవి మూత్రంలోనూ దొరుకుతాయి. అచ్చంపేట లాంటి ఊళ్లకు అసలు పాయింట్ ఇదే. ఎందుకంటే ఈ జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా చాలామందికి మొదట్లో మూడు నెలలకోసారి మూత్రనాళంలోంచి కెమెరా పంపి చూడాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికి వంద కిలోమీటర్ల పైనే.. బస్సు చార్జీలు, పోయిన కూలి, తోడు వచ్చే మనిషి. ఎన్నిసార్లని తిరుగుతారు?

సీసాలో శాంపిల్ పంపితే చాలనే రోజు మాత్రం ఇంకా రాలేదు. ఒక్కో అధ్యయనంలో ఒక్కో జాబితా తేలుతోంది. కెమెరా పరీక్షను పక్కన పెట్టేంత నమ్మకం కుదరలేదు. ‘ఒక్క టెస్టుతో క్యాన్సర్ పట్టేస్తాం’ అనే ప్రకటనలకు డబ్బులు పోయొద్దు. రక్తం ఒక్కసారి కనిపించినా ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మామూలు మూత్ర పరీక్ష చేయించుకోవాలి. డాక్టర్ రాస్తే స్కానింగ్ కూడా.