తీగ పీకిన డిస్కే దిక్కు
2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసే వానాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లొసుగును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి మద్దతున్న విండోస్‌లకు మార్చిలోనే ఇచ్చింది. ‘తర్వాత చూద్దాం’ అని నొక్కే అలవాటు అంత ఖరీదైనది. అయినా అప్‌డేట్ ఒక్కటే చాలదు, రేపు బయటపడే లొసుగుకు ఇవాళ మందుండదు. అందుకే ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కన్నా ముందు కావాల్సింది ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అంటాను. అదీ కాపీ కాగానే తీగ పీకి బీరువాలో పెట్టేది. ఎప్పుడూ తగిలించే ఉంచితే అలాంటి వైరస్ దానికీ తాళం వేస్తుంది.

‘ఫొటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయిగా’ అంటారు. చాలామంది ఇళ్లలో ఉన్నది సింక్ మాత్రమే. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైన ఫైలే అక్కడికీ చేరుతుంది. పాత ప్రతులను కొన్నాళ్లు దాచే సేవలున్న మాట నిజమే, కానీ పాస్‌వర్డే దొంగ చేతికి చిక్కితే ఆ గడువు అక్కరకు రాకపోవచ్చు. మరి డిస్కే దొంగల పాలైతే? న్యాయమైన ప్రశ్నే. వెరాక్రిప్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు, పాస్‌వర్డ్ మరచిపోతే మాత్రం మనకూ తెరుచుకోదు. జనం ఎక్కువగా ఎగ్గొట్టేది కాపీ తీయడం కూడా కాదు, తీసింది పనిచేస్తుందో లేదో చూడటం. పెళ్లి ఫొటోలు నాలుగు, ఇంటి దస్తావేజు స్కాన్ ఒకటి మరో కంప్యూటర్‌లో తెరిచి చూస్తే తేలిపోతుంది.