నాలుగు పంటల లెక్కలో మన బుడ్డలేవి?

పీహెచ్‌డీకి ఏ అంశం తీసుకుంటే బాగుంటుందని మా కోయిలకుంట్ల వైపు అమ్మాయి ఒకామె అడిగింది. వ్యవసాయంలో ఎమ్మెస్సీ అయింది, ఇంటికి రేగడి చేలున్నాయి. ‘అణుయుద్ధం వస్తే మన పప్పుశనగ ఏమైతుందో తేల్చమ్మా’ అన్నాను. ‘కమిటీలో నవ్వుతారు సార్’ అంది.

నవ్వే విషయమేం కాదు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో అలాన్ రోబాక్‌తో కలిసి లిలీ షియా చేసిన పని ఇదే. భారత్, పాకిస్తాన్ అణుబాంబులు వేసుకుంటే చైనాలో వరి దిగుబడి మొదటి నాలుగేళ్లు సగటున 21 శాతం, ఆ తర్వాత ఆరేళ్లు 10 శాతం దాకా పడిపోతుందని 2013లో ఇద్దరూ లెక్కగట్టారు. కొట్టుకునేది మనం, గాదె ఖాళీ అయ్యేది వాళ్లది! కారణం పొగ. నగరాలు తగలబడి 50 లక్షల టన్నుల మసి పైకి లేస్తుందని వాళ్ల అంచనా. ఆ మసి ఎండకు వేడెక్కి, వాన కడగలేని ఎత్తుకు ఎక్కి, ఏళ్ల తరబడి సూర్యుడికి అడ్డం నిలబడుతుంది. సముద్రం కన్నా నేల ముందు చల్లబడుతుంది. ఆ రెంటి వేడిలో ఉండే తేడాతోనే కదా మనకు నైరుతి వచ్చేది!

2022లో షియా బృందం ప్రపంచం మొత్తానికీ లెక్క వేసింది. మన రెండు దేశాల యుద్ధం ముదిరితే 200 కోట్ల మందికి పైగా ఆకలితో పోవచ్చని తేలింది. అందులో లెక్కలోకి తీసుకున్న పంటలు నాలుగే: మొక్కజొన్న, వరి, సోయా, గోధుమ. 2020లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలోనూ అవే నాలుగు. ప్రపంచం కడుపు నింపేవి అవే కాబట్టి తప్పుపట్టను. కానీ కర్నూలు, కడప మెట్ట చేలల్లో పండే బుడ్డలు (వేరుశనగ), పప్పుశనగ, జొన్న, కొర్ర ఎవరి లెక్కలో ఉన్నట్టు?

పప్పుశనగనే చూడండి. వానలు వెనకబట్టాక అక్టోబరులో విత్తుతాం. ఆపైన రేగడిలో మిగిలిన పదును మీదే బతుకుతుంది. పొద్దున్నే మంచులో తడిసిన చేలో నడిస్తే పంచె అంచుకు పులుపు అంటుకుంటుంది, అంత ఘాటు ఆ ఆకుది. రోజు సగటు వేడి 15 డిగ్రీల కిందికి పోతే ఈ మొక్క పూస్తుంది గానీ కాయ పట్టదు, పూత రాలిపోతుంది. ఉత్తరాది చలికాలంలో ఇది మామూలే. నంద్యాలలో మనకు ఆ బెడద లేదు. నాలుగైదు డిగ్రీలు తగ్గితే? ఎవరూ చూసినట్టు నాకు తెలియదు.

బుడ్డల సంగతి ఇంకో రకం. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది. యుద్ధమొస్తే దేశాల మధ్య వ్యాపారం ఆగిపోతుందనే షియా బృందం అనుకుంది. అప్పుడు తాలింపుకు నూనె ఏ ఓడలో వస్తుంది?

మసి అంత ఎత్తుకు పోదని 2018లో లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు వాదించారు. ఆ తగాదా ఇంకా తెగలేదు. తెగేదాకా ఆగాల్సిన పని మనకు లేదు. ఎండ తగ్గి, వాన తగ్గితే మెట్ట చేలో ఏం జరుగుతుందన్నది విడి ప్రశ్న. పెద్ద అగ్నిపర్వతం పేలినా అదే ప్రశ్న వస్తుంది.

మా సీమకు కరువు పుస్తకాల్లో చదువుకునే భయం కాదు. 1876 ధాత కరువు నాటికే కర్నూలు-కడప (కె.సి.) కాలువ తవ్వారు. అయినా 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. వానలు ముఖం చాటేస్తేనే అంత జరిగింది. మసి నిలిచేది పదేళ్లు.

అణువు పేరు చెప్పి మా నేల మీదికి వచ్చేవాళ్లకైతే కొదవ లేదు. తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తీస్తున్నారు. బోరునీళ్లు చెడ్డాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2024లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తామంటే ఊళ్లన్నీ అడ్డం తిరిగాయి. 2025 జూలైలో కర్నూలు పరీక్షా కేంద్రంలో డ్రోను నుంచి క్షిపణి వదిలారు. అది అణ్వస్త్రం కాదు, తెలుసు. తవ్వడానికీ పేల్చడానికీ పనికొచ్చిన నేల, పొగ కమ్మితే ఏం పండిస్తుందని అడగడానికి పనికిరాదా అన్నదే నా బాధ.

పనిముట్లు లేవనడానికీ లేదు. షియా చైనా వరికి వాడిన డీఎస్‌శాట్ అనే కంప్యూటర్ నమూనాలో వేరుశనగ, శనగ, జొన్న కూడా ఉన్నాయి. మన మట్టి వివరాలు, విత్తే తేదీలు, ఏళ్ల నాటి వాన లెక్కలు అందులో పోయాలి. అవి నంద్యాల పరిశోధనా కేంద్రం లాంటి చోట్ల దొరుకుతాయి. ఆపైన షియా బృందం ప్రచురించిన ఎండ, వాన, చలి మార్పులను ఆ లెక్కల మీద వేసి చూడాలి. ఒక మనిషి మూడు నాలుగేళ్లు కూర్చుంటే తేలే పని. చలిలో కాయ పట్టే పప్పుశనగ రకమేది, జూన్ వాన ఆగస్టుకు జరిగితే బుడ్డలు మాని కొర్ర వేయాలా, ఆ విత్తనం మండలానికి ఎన్ని క్వింటాళ్లు గోదాములో ఉంచాలి... వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ ఏడాది పీహెచ్‌డీ అంశాల్లో వీటికి ఒక్క సీటు కేటాయించాలి.