పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా?

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని సామెత. చేరువలో ఉన్నదాన్ని లోకువగా చూస్తామని పెద్దల ఎత్తిపొడుపు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఫలానా కషాయం తాగితే వైరస్ పోతుందని, గుండెకు ఢోకా ఉండదని ఫోన్లలో సందేశాలు వచ్చిపడుతున్నాయి. లోకువ చేయడం, గుడ్డిగా నమ్మడం రెండూ తప్పేనని మా అభిప్రాయం.

కొన్ని వైరస్‌లు జ్వరంతో ఆగకుండా గుండె కండరానికి వాపు తెస్తాయి. దీన్నే మయోకార్డైటిస్ అంటారు. కాక్సాకీ బి వైరస్ అలాంటిదే. పిల్లలకూ వస్తుంది. చాలామంది కోలుకుంటారు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. కాక్సాకీ వైరస్‌ను నేరుగా అణిచే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. అందుకే శాస్త్రవేత్తలు మొక్కల వైపూ చూస్తున్నారు.

పసుపులోని కర్క్యుమిన్, మానుపసుపులోని బెర్బరిన్ ఎలుకల్లో ఈ వాపును తగ్గించాయి. అయితే మనం తిన్న పసుపులోంచి రక్తంలోకి చేరే కర్క్యుమిన్ చాలా తక్కువ. చైనాలో ఆస్ట్రాగలస్ అనే మొక్క వేరును రోగులకే ఇచ్చి చూశారు. వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2012లో ఆ ఫలితాలను పరిశీలించింది. కొంత మేలు కనిపిస్తున్నా పరీక్షలు జరిగిన తీరు బలహీనంగా ఉందని, ఇంకా గట్టి పరీక్షలు కావాలని తేల్చింది.

మోతాదు సంగతీ చూడాలి. రోడ్ల డివైడర్ల మీద పూసే గన్నేరు గుండెను ఆపేయగల విషం. దాదాపు అలాంటి పదార్థాలే ఉన్న ఫాక్స్‌గ్లోవ్ మొక్కను ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ పదేళ్లపాటు రోగులకు ఇచ్చి, ఎంత ఇస్తే ఏమైందో రాసుకుని, 1785లో పుస్తకంగా అచ్చువేశాడు. నేటి డిగాక్సిన్ ఆ జాతి మొక్కల నుంచి వచ్చిన గుండె మందే.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మనకు ఇంకో చిక్కు ఉంది. మన తిప్పతీగ హిందీలో గిలోయ్, ఇక్కడ సూరత్‌లో గళో. పేర్లు మూడైనా తీగ ఒకటే. నేలవేముతో అలా కుదరదు. గుజరాతీలో కరియాతు అంటే నేలవేమూ కావచ్చు, హిమాలయాల్లో పెరిగే చిరాయతా కూడా కావచ్చు. రెండూ చేదే, కానీ మొక్కలు వేరు, వాటిలోని రసాయనాలు వేరు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా మూలికా మందు చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ మొక్క? అందులో ఏ పదార్థం? ఎవరి మీద పరీక్షించారు, ఎలుకల మీదా, మనుషుల మీదా? జ్వరం వచ్చి తగ్గాక ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ ఉంటే మాత్రం ఆటల పీరియడ్‌కు వెళ్లకండి. వెంటనే అమ్మానాన్నలకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కషాయంతో కాలయాపన వద్దు.