కొన్న బండి మన బండి అయ్యేదాకా

పోయిన నెల పెన్షన్‌దార్లు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం గురించి రాసిన. ఈ నెల బండి గురించి రాస్తున్న. ఎందుకంటే మన ఇండ్లల్ల పాత మోటారు సైకిలు కొనుడు బాగా పెరిగింది. కొత్త బండి పిరమైంది. సాంచాల కూలి మీద బతికేటోళ్లకు అంత పైస ఒక్కసారి ఎక్కడినుంచి వస్తది? అందుకే ఇరవై వేలకో ముప్పై వేలకో సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకుంటున్నరు. అది తెలివైన పనే. మంచిగ చూసుకుంటే పాత బండి కూడ చాలా ఏండ్లు నడుస్తది.

షోలాపూర్, భీవండి, సూరత్ బస్తీలల్ల ఉన్నోళ్లకు బస్సో ఆటోనో దొరుకుతది. నేను ఇప్పుడు ఉండేది చింతకిలో. బీదర్ జిల్లా, ఔరాద్ తాలూకా, తెలంగాణ సరిహద్దు పక్కనే. పెద్ద పని ఏదున్న అటు ఔరాద్ పోవాలె, లేకుంటే ఇటు నారాయణఖేడ్ పోవాలె. రాత్రిపూట ఎవరికన్న పానం బాగలేకపోతే ఇంటి ముందర నిలబెట్టిన బండే దిక్కు. అది అప్పుడు స్టార్టు కాకుంటే ఎట్ల? స్టార్టు అయినంక బ్రేకు పడకుంటే ఎట్ల?

మిల్లుల పనిచేసినోళ్లకు ఈ సంగతి చెప్పే పని లేదు. వేరేటోడు నడిపిన సాంచా మన చేతికి వస్తే, వచ్చిన పొద్దే దాన్ని పూర్తి జోరు మీద నడపం. ముందు దూదిపొట్టు దులిపి, నూనె ఎక్కడ ఎండిందో చూసి, చప్పుడు విని, నాడె ఎట్ల పోతున్నదో చూసి, తర్వాత పని షురూ చేస్తం. ప్రతి సాంచాకు ఒక గుణం ఉంటది. పాత బండి కూడ అంతే. పైసలు ఇచ్చిన రోజు అది మన ఇంటికి వస్తది. మన బండి అయ్యేది మాత్రం మూడు పనులు అయినంక: కాయితం మన పేరు మీదికి రావాలె, మన కాలు చెయ్యి దానికి అలవాటు కావాలె, దాని లోపలి సంగతి మనకు తెలవాలె.

మొదటిది కాయితం. మనోళ్లు ఎక్కువ నిర్లక్ష్యం చేసేది ఇక్కడే.

మా తమ్ముని కొడుకు జహీరాబాద్‌ల ఒక స్ప్లెండర్ చూసిండు. బండి బాగుంది, ధర బాగుంది. "పెద్దనాయిన, ఆర్సీ ఇచ్చిండు, సంతకం పెట్టిన కాయితాలు ఇచ్చిండు, ఇంకేం కావాలె?" అన్నడు. చానా కావాలె బిడ్డా అని చెప్పిన. ఆర్సీ చేతిల ఉండుడు వేరు, ఆర్సీల పేరు ఉండుడు వేరు.

పద్ధతి ఇట్ల ఉంటది. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. బండి అదే రాష్ట్రంలో ఉంటే అమ్మినాయన 14 రోజుల లోపల ఆర్టీవోకు తెలియజేయాలి. వేరే రాష్ట్రానికి పోతే 45 రోజులు. కొన్నాయన 30 రోజుల లోపల తన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకోవాలి. తెలంగాణ నంబరు బండిని కర్ణాటకలో ఉంచుకుంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసి తేవాలి, దాని ఫారం 28. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తప్పనిసరి, ఇక్కడి పన్ను కూడ కట్టాలి. సరిహద్దు ఊర్లోళ్లు బేరం ఆడేటప్పుడే ఈ ఖర్చు కలుపుకొని లెక్క వేయాలె. లేకుంటే అగ్గువ అనుకున్న బండి పిరమైతది.

బండి మీద పాత అప్పు ఉంటే ఆర్సీల ఆ బ్యాంకు పేరు ఉంటది. అప్పు తీరినట్టు బ్యాంకు కాయితం, ఫారం 35 లేకుండా పైసలు ఇయ్యొద్దు. ఎం-పరివాహన్ యాప్‌ల బండి నంబరు కొడితే ఇన్సూరెన్సు ఎప్పటిదాక ఉన్నదో, ఆర్సీ ఎప్పటిదాక చెల్లుతదో కనబడతది. పాత చలాన్లు కూడ చూడాలె. ఇంట్ల చదువుకున్న పిల్లలు ఉంటే రెండు నిమిషాల పని. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతోటి కలుస్తున్నయా అని మన కండ్లతోటే చూసుకోవాలె.

ఇంకొక మాట. ట్యాంకు మీద హీరో హోండా అని రాసి ఉంటే ఆ బండి చానా పాతది అనుకోండి. ఆ రెండు కంపెనీలు 2010 ఆఖర్ల విడిపోవాలని తీర్మానం చేసుకున్నయి, 2011ల హీరో కంపెనీ పేరు మారింది. సామాన్లు ఇప్పటికీ దొరుకుతయి, ఆ భయం లేదు. కాని సొంత బండి ఆర్సీ 15 ఏండ్ల దాకనే చెల్లుతది. తర్వాత బండి చూపించి, రుసుము కట్టి, ఐదేండ్లకు ఒకసారి పొడిగించుకోవాలి. అటువంటి బండికి ఆ గడువు చూడకుండా బయానా ఇయ్యొద్దు.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, మాకు ఎరుకైన ఒక ఇంట్ల పెద్ద దిక్కు బండి మీద పోయి పోయిండు. ఎదురుగ ఎవరు గుద్దలేదు, తనే వానల జారి పడ్డడు. బండి కొని రెండేండ్లు అయింది, పేరు మాత్రం పాత ఓనరుదే. ఇన్సూరెన్సు పాలసీల ఓనర్-డ్రైవర్ ప్రమాద కవరు అని ఒక లైను ఉంటది. దాని కింద బండి యజమాని నడుపుతూ చనిపోతే ఇంటోళ్లకు 15 లక్షలు వస్తయి. కాని అది ఆర్సీల, పాలసీల పేరు ఉండి, లైసెన్సు ఉన్న యజమానికే. ఆ చెల్లెలికి ఏం రాలేదు. ఇద్దరు పిల్లలతోటి బీడీలు చేసుకుంట బతుకుతున్నది. పేరు మార్చే ఖర్చు దీని ముందర ఎంత?

అమ్మేటోళ్లకు కూడ ఇదే మాట. 2018 ఫిబ్రవరిల సుప్రీం కోర్టు ఒక కేసుల తేల్చి చెప్పింది. ఆ కారు చేతులు మారి మారి పోయింది, కాని ఆర్సీల మొదటాయన పేరే ఉన్నది. ప్రమాదం జరిగినంక పరిహారం బాధ్యత ఆయన మీదనే పడ్డది. కాబట్టి "అమ్మేసిన, నాకేంది" అనుకోవద్దు. ఇన్సూరెన్సు కూడ కొన్న 14 రోజుల లోపల మన పేరు మీదికి మార్చమని కంపెనీకి రాసి ఇయ్యాలి. పాలసీల ఆ ప్రమాద కవరు లైను ఉన్నదా లేదా అని అప్పుడే అడగండి. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే చానాసార్లు అది ఉండదు.

రెండోది అలవాటు. పాత బండి నడిపినోడు వేరే, దాని మీద ఇప్పుడు కూసునేటోడు వేరే. స్ప్లెండర్ లాంటి బండ్లకు నాలుగు గేర్లు అన్ని ముందుకు తొక్కుడే. పల్సర్ లాంటి బండ్లకు మొదటి గేరు కిందికి, మిగిలినయి మీదికి. ఒకదానికి అలవాటైన కాలు ఇంకొకదాని మీద గడబిడ అయితది. లారీ ఎదురుగ వచ్చినప్పుడు కాలు ఆలోచించదు, అలవాటైనదే చేస్తది. అందుకే మొదటి వారం ఎవరిని వెనుక ఎక్కించుకోవద్దు. పొద్దున్నే ఖాళీ తొవ్వ మీద పది పదిహేను కిలోమీటర్లు తిరగండి. గేర్లు వేయండి, తీయండి. హారను, ఇండికేటరు, లైటు డిప్పరు చూడకుండానే బొటనవేలికి దొరకాలె.

బ్రేకు సంగతి. సైకిలు నుంచి వచ్చిన మనోళ్లు ముందు బ్రేకు పడితే పల్టీ కొడతమని భయపడి, ఉత్త వెనుక బ్రేకే తొక్కుతరు. బండి ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తది. అందుకే ఆపే బలం ముందు బ్రేకులనే ఎక్కువ. రెండు కలిపి పట్టాలె, ముందుది మెల్లమెల్లగ బిగించాలె. బురదల, ఇసుకల, మలుపుల మాత్రం ముందు బ్రేకు గట్టిగ పట్టొద్దు. మా దిక్కు నల్లరేగడి వానకు తడిస్తే సబ్బు లెక్క అయితది, మడ్‌గార్డు లోపల ఇరికి చక్రాన్నే ఆపుతది. పొలం నుంచి వచ్చినంక కట్టెతోటి ఆ మట్టి తీసిన తర్వాతనే రోడ్డు ఎక్కాలె.

పెట్రోలు ముల్లును నమ్మొద్దు. పాత బండ్లల్ల అది నిలబడిపోతది. ట్యాంకు నింపి కిలోమీటర్లు రాసుకోండి, మళ్ల నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. రెండుసార్లు చేస్తే లీటరుకు ఎంత వస్తదో మీకే ఎరుకైతది. కింద చిన్న కాక్ ఉన్న బండి అయితే అది రిజర్వుల పెట్టి నడపొద్దు. నడిమిట్ల ఆగినప్పుడు ఆదుకునేది అదే. ఇప్పుడు వచ్చే పెట్రోలుల 20 శాతం దాక ఇథనాల్ ఉంటది, అది నీళ్లను గుంజుకుంటది. వానల ట్యాంకు మూత మంచిగ పెట్టండి, నెలల తరబడి బండిని నిలబెట్టకండి. పెట్రోలు వచ్చే రబ్బరు పైపు గట్టిపడి పగుళ్లు పట్టిందా చూసి, అనుమానం ఉంటే మార్చెయ్యండి.

మూడోది మరమ్మతు. "నిన్ననే ఆయిల్ మార్చిన" అని అమ్మినాయన చెప్తడు. నిజమే కావచ్చు, అయినా మీరు మార్చండి. ఆ రోజు నుంచే మన లెక్క షురూ అయితది. వంద సీసీ బండికి లీటరు డబ్బా సరిపోతది. స్కూటీ ఆయిల్ పోయొద్దు, ఎందుకంటే మోటారు సైకిలు క్లచ్చు ఆ నూనెలనే తిరుగుతది, ఆ ఆయిల్‌తోటి క్లచ్చు జారుతది. పాత రాజ్‌దూత్, ఎజ్డీ కాలం అలవాటుతోటి పెట్రోలుల ఆయిల్ కలిపే పెద్దమనుషులు ఇంకా ఉన్నరు. అది టూ స్ట్రోకు బండ్లకు. ఇప్పటి బండికి కలపొద్దు.

పొగ చూడండి. నీలిరంగు పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతున్నది, లేదా గాలి ఆడుతలేదు. ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. సోయా, కంది రాశులు చేసే రోజులల్ల లేచే దుమ్ము దాంట్ల మిల్లుల దూదిపొట్టు లెక్క పేరుకపోతది. ఊపిరి ఆడని మనిషి ఎట్ల పనిచేస్తడు?

చైను మరీ బిర్రుగ ఉండొద్దు, మరీ వదులుగ ఉండొద్దు. నడిమిట్ల వేలితోటి ఎత్తితే బొటనవేలు వెడల్పు అంత, అంటే రెండు రెండున్నర సెంటీమీటర్లు ఆడితే చాలు. కడిగి, ఆరినంక నూనె వేయాలె. టైరు మీద, బ్రేకు మీద నూనె పడొద్దు. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు కొట్టి ఉంటయి. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారైనట్టు. పైకి గాట్లు బాగనే కనబడ్డ, రబ్బరు ఎండి పగిలితే ఆ టైరును నమ్మొద్దు. గాలి స్ప్లెండర్‌కు ముందు 25, వెనుక ఒక్కరైతే 28, ఇద్దరైతే 40. వేరే బండి అయితే దాని పుస్తకంల చూసుకోండి. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలె, బోరు నీళ్లు పోస్తే అది పాడైతది.

మెకానిక్ దగ్గర బండి వదిలిపెట్టి చాయకు పోవద్దు. పక్కన నిలబడి చూడండి, "అన్నా, ఇదేంది?" అని అడగండి. మంచి మేస్త్రి అడిగితే కోపానికి రాడు, చెప్తడు. మార్చిన పాత సామాను వాపసు అడిగి తీసుకోండి. ఒక చిన్న పుస్తకం పెట్టి తారీకు, కిలోమీటర్లు, చేసిన పని, అయిన పైసలు రాయండి. నెలకు మూడు వందలు బండి పేరు మీద పక్కన పెడితే టైరు మార్చే రోజు అప్పుకు పోయే పని ఉండదు. పైసలు తక్కువ ఉంటే ముందు బ్రేకు, టైరు, లైటు. సీటు కవరు, స్టిక్కర్లు తర్వాత. హెల్మెట్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది కొనొద్దు. అది ఒకసారి కింద పడ్డదా లేదా పైకి చూస్తే తెలవదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న కొత్తది కొనండి, వెనుక కూసునేటోళ్లకు కూడ ఒకటి.

మా తమ్ముని కొడుకు బండి కాయితం నడుస్తున్నది. ఎన్‌ఓసి వచ్చింది, ఇక్కడ పన్ను కట్టుడు ఉన్నది. అయ్యేదాక వాళ్లమ్మను వెనుక ఎక్కించుకోనని వాడే అన్నడు, మంచిదే.

ఈ పత్రిక చదువుతున్న ఇంట్ల పాత బండి ఉంటే ఈ రాత్రి అన్నం తిన్నంక ఆర్సీ, ఇన్సూరెన్సు కాయితం రెండు తీసి పేరు చదవండి. చదువు రానోళ్లు పిల్లలతోటి చదివించండి. మీ పేరు లేకుంటే రేపే పని షురూ చేయండి. వచ్చే నెల కరెంటు బిల్లు చదువుడు ఎట్లనో రాస్త.