దాచింది ఎవరి నుంచి?

హైదరాబాద్ గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ పరిశోధనా సంస్థ ప్రాంగణం, దాన్ని ఆనుకుని సెంట్రల్ యూనివర్సిటీ, కాస్త అవతల నానక్‌రాంగూడలో 2023లో తెరిచిన అమెరికా కాన్సులేట్. ఎంఎస్‌కో పీహెచ్‌డీకో దరఖాస్తు పెట్టే పిల్లలకు ఈ చుట్టుపక్కల కొదవ లేదు. మార్కులు ఎంత బాగున్నా చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల సిఫార్సు లేఖలు, అంటే ఎల్ఓఆర్‌లు కూడా కావాలి. ఆ ఉత్తరం విద్యార్థి కంట పడకూడదన్నది అసలు పద్ధతి. అధ్యాపకుడి మెయిల్‌కు లింకు వస్తుంది, ఆయనే అప్‌లోడ్ చేయాలి. మన దగ్గర తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. డ్రాఫ్ట్ విద్యార్థే రాసుకొస్తాడు, లేదా కన్సల్టెన్సీ తయారుచేసి ఇస్తుంది, సారు సంతకం పెడతారు. ఎవరికి కనపడకూడదో వాళ్లందరి దగ్గరా కాపీ ఉంటుంది. రాసిందెవరో తెలియనిది మాత్రం చదివే అడ్మిషన్ కమిటీకే.

అలాంటప్పుడు గోప్యతే ఎత్తేయమనేవారున్నారు. వారికి గట్టి ఆధారమే ఉంది: ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని చెప్పింది. కానీ జవాబుపత్రం విద్యార్థి సొంత రాత. ఎల్ఓఆర్ మూడోవారు అడిగితే చెప్పిన అభిప్రాయం. పరీక్షకుల వివరాలు బయటపెట్టనక్కర్లేదని ఆ తీర్పే అంది. విద్యార్థి చదువుతాడని తెలిస్తే 'తెలివి ఉంది, ఓపిక తక్కువ' అని ఎంతమంది రాస్తారు? అందరూ ఆణిముత్యాలే అయితే కమిటీ ఉత్తరం పక్కనపెట్టి కాలేజీ పేరు చూస్తుంది. నష్టపోయేది ఐఐటీ కుర్రాడు కాదు, పేరులేని కాలేజీలో నిజంగా బాగా చదివిన అమ్మాయి.

అయితే గోప్యత అధ్యాపకుడి చేతికిచ్చే అధికారం చిన్నది కాదు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి తన రికార్డులు చూడొచ్చంది; ఎల్ఓఆర్‌ల విషయంలో ఆ హక్కు వదులుకోవచ్చని, వదులుకుంటేనే సీటు అనే షరతు కూడదని కూడా అంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ హక్కు అక్కడ చేరినవారికే. సీటు రానివాడు, బహుశా ఆ ఉత్తరం వల్లే రానివాడు, దాన్ని చూపించమని ఆ చట్టం కింద అడగలేడు. కనుక రక్షణ ఉత్తరానికి ముందే ఉండాలి. మంచిమాట రాయలేననిపిస్తే అడిగిన రోజే 'వేరే సారుని అడుగమ్మా' అనాలి. ఒప్పుకున్నాక తానే రాయాలి. విద్యార్థి అనుమతి లేకుండా అది అడిగిన చోటికి తప్ప ఇంకే కంపెనీకీ కన్సల్టెన్సీకీ వెళ్లకూడదు.

అరవైమంది సెక్షన్లో ఇరవైమంది అడిగితే టైమెక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనదే. విద్యార్థి నుంచి ప్రాజెక్టు వివరాలు తీసుకోవచ్చు, వాక్యాలు తీసుకోవడమే తప్పు. పేరు మార్చి అందరికీ పంపే రెండు పేజీల పొగడ్త కన్నా, ఫలానా ప్రాజెక్టులో ఈ అమ్మాయి ఏం చేసిందో చెప్పే ఆరు వాక్యాలు నయం. ఆ పనిని యాజమాన్యాలు అధ్యాపకుల పనిగంటల్లో లెక్కగట్టాలి. ఎంతమంది విదేశాలకు వెళ్లారో ఫ్లెక్సీలు కట్టే కాలేజీలకు అది మోయలేని ఖర్చేమీ కాదు.